కిటికీలోంచి తీసిన కొలతలు

నా మాటల్లో సగం తీసేసి వినడం మా ఇంట్లో అందరికీ అలవాటు. పదో తరగతి మధ్యలో నేను బడి మానేస్తే హెడ్మాస్టరు మూడు రోజులు అన్నం ముట్టలేదనీ, లెక్కల మాస్టారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని నా కోసం ఎదురుచూశాడనీ చాలామందికి చెప్పాను. నేను మానేసిన సంగతి వాళ్ళకు తెలిసింది రెండు నెలల తర్వాత, అదీ కొత్త హాజరు పట్టీ రాస్తున్నప్పుడు. బ్రేకులు ఫెయిలై మీదికొస్తున్న లారీని కళ్ళెర్రజేసి ఆపానని కూడా చెప్పాను. ఆ లారీ అప్పటికి గంట నుంచీ పంక్చరై ఆగి ఉంది.

ఇప్పుడు రాసేదాంట్లో మాత్రం ఏమీ తీసేయకండి. ఇందులో గొప్పవాడు నేను కాదు, కార్లకు స్ప్రింగులు కట్టే ఒక పెద్దాయన. ఆయన పద్ధతిని నేనెలా పాడుచేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా అత్తయ్య, అంటే నాన్నకు చెల్లెలు, తేనెటీగలు పెంచుతుంది. నలభై పెట్టెలు. ఎక్కడ పూలు పూస్తే అక్కడికి పెట్టెలు తీసుకెళ్ళి పెడుతుంది, పూలు అయిపోగానే వెనక్కి తెస్తుంది. మోసేది వెనక పొడుగ్గా ఉండే ఒక పాత కారు. వెనక సీట్లు పీకించి ఎనిమిది పెట్టెలు పట్టేలా చేసుకుంది. పోయేటప్పుడు పెట్టెలు తేలిక. వచ్చేటప్పుడు తేనె నిండి ఒక్కొక్కటీ రెండింతలకు పైన. ఆ బరువుకు కారు వెనక చతికిలబడి, ముందు దీపాలు రోడ్డు వదిలేసి చెట్ల కొమ్మల్ని చూసేవి. గుంట వచ్చిన ప్రతిసారీ లోపల ఈగలన్నీ గుయ్యిమని లేచేవి.

"గుంట గుంటకీ ఇవి నన్ను తిడుతున్నాయిరా," అంది అత్తయ్య ఒకరోజు, ఈగలు కుట్టకుండా వేసుకునే వల ముసుగు తీసి విదిలిస్తూ. "నాతో పాటు నిన్నూ తిడుతున్నాయి."

"నన్నెందుకు? నేనేం చేశా?"

"ఏం చెయ్యలేదనే. ఇంట్లో ముప్పై ఒక్కేళ్ళ మనిషున్నాడు, పొద్దస్తమానం కార్ల గురించి కోతలు కోస్తాడు, ఈ కారు కింద సరైన స్ప్రింగులు కట్టే షాపు ఒక్కటి వెతకలేడా అని."

"ఒక్కటేంటి అత్తయ్యా, పది చూపిస్తా."

"పది వద్దు నాయనా. పని వచ్చినవాడు ఒక్కడు చాలు."

అలా వెతికే పని నా మీద పడింది. నేను తిన్నగా చేసింది ఆ ఒక్క పనే కాబట్టి కాస్త సాగదీసి చెప్తాను, ఓర్చుకోండి.

మొదటిది గాజు షాపు. గోడలన్నీ అద్దాలు, లోపల సోఫాలు, కాఫీ మెషీను. టై కట్టుకున్న కుర్రాడు నన్ను నిమిషంలో నాలుగుసార్లు సార్ అన్నాడు. జీవితంలో నన్నెవరూ అన్నిసార్లు సార్ అనలేదు, నేను సగం కరిగిపోయాను. "మా కిట్టు వేస్తే మీ కారు మబ్బుల మీద పోతుంది సార్," అన్నాడు. వెనక తలుపు తీసి చూడవా అని అడిగితే, "అవసరం లేదు సార్, ఏ కారుకైనా ఇదే," అన్నాడు. తలుపు తీయకుండానే రోగం తెలిసిపోయే డాక్టర్ని నేనే నమ్మను, ఇక ఈగలేం నమ్ముతాయి?

రెండోవాడు కారు కింద దూరి బయటికొచ్చి, స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మలు బిగిస్తానన్నాడు. బరువున్నప్పుడు సరే, ఖాళీగా తిరిగేటప్పుడు కారు ఎగిరెగిరి పడదా అన్నాను. "ఖాళీగా ఎందుకు తిరుగుతారండీ?" అన్నాడు. షాపంతా కలియజూశాను. సుత్తులు ఆరున్నాయి, కొలత టేపు ఒక్కటీ లేదు. దండం పెట్టి వచ్చేశాను.

మూడోది పెద్దాయన షాపు. రేకుల కప్పు, నేల మీద నాలుగు కాటాలు, ఒక్కో చక్రం కింద ఒకటి పెట్టడానికి. పక్క గది ఆయన భార్యది, ఆవిడ టైలరు. రెండు గదుల మధ్య గోడకు చిన్న కిటికీ. ఇటువైపు రెంచీల మోత, అటువైపు కుట్టుమిషను మోత, మధ్యలో వాళ్ళిద్దరి తగువులు. ఆయనకు అరవై ఆరేళ్ళు. చెవి మీద సుద్దముక్క, మోకాళ్ళకు పాత టైరు ట్యూబు కోసి కట్టుకున్న తొడుగులు. కారు చూడకముందే నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. నడిపేదెవరు? ఆవిడ బరువెంత? మట్టిరోడ్డు ఎంత దూరం? మలుపులెన్ని? గంట గడిచింది.

"బాబూ, ఈగలకి ఏది పడదు? కారు ఊగితేనా, అదిరితేనా?"

"బాబాయ్, వాటిని నేనెప్పుడూ అడగలేదు."

"అడిగినవాళ్ళని అడుగుదాం," అంటూ అత్తయ్యకు ఫోను చేయించాడు. వాళ్ళిద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. నేను స్టూలు మీద కునికిపాట్లు పడ్డాను. ఫోను పెట్టేశాక తను కట్టిన మూడు కార్ల వాళ్ళ చిరునామాలు రాసిచ్చి, "నన్ను నమ్మొద్దు. వెళ్ళి ఆ కార్లలో వెనక సీట్లో కూర్చుని చూసి రా. నచ్చితే రా, లేకపోతే లేదు," అన్నాడు.

వెళ్ళాను. ఒకాయన కిటికీ అద్దాలు మోసేవాడు. ఆయన కారులో గుంటల రోడ్డు మీద నిండు గ్లాసు మంచినీళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క చుక్క ఒలకలేదు. (సరే, మూడు చుక్కలు ఒలికాయి.) ఆ సాయంత్రమే అత్తయ్యకు చెప్పేశాను, షాపంటే ఇదేనని. "వీడి నోటి నుంచి ఇవాళ ఒక్క నిజం వచ్చింది," అని ఆవిడ మురిసిపోయింది.

పెద్దాయన పద్ధతి ఒకటుంది. ఆయన పని మొదలుపెట్టే ముందు కారు సొంతదారు చేతికి ఒక కాగితం ఇస్తాడు. చక్రం మధ్య నుంచి పైనున్న రేకు అంచు దాకా ఎన్ని సెంటీమీటర్లుందో, నాలుగు మూలలా, అయిదు ట్రిప్పులు, పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి కొలిచి రాయాలి. కారు ఎంత కిందికి దిగిందో తెలిస్తే బరువు ఆయన లెక్కేసుకుంటాడు. ఆ లెక్క మీదే స్ప్రింగు తీగ ఎంత లావుండాలో, ఎన్ని చుట్లుండాలో, షాక్ అబ్జార్బర్లు ఎంత గట్టిగా ఉండాలో తేలుతుంది.

"మీరే వచ్చి కొలుచుకోవచ్చు కదా బాబాయ్?" అన్నాను.

"కొలవొచ్చు. కానీ అయిదుసార్లు వంగి చూసినవాడికి తన కారేంటో తెలుస్తుంది. తెలిసినవాడు దాన్ని ఊరికే పాడుచెయ్యడు."

కిటికీలోంచి టైలరమ్మ అందుకుంది. "అదేం కాదు నాయనా. మోకాళ్ళ నొప్పులు. చెప్పుకోడానికి సిగ్గు."

కాగితం మా ఇంటికొచ్చింది. కొలవాల్సింది నేను. అత్తయ్యకు పెట్టెలతోనే సరిపోతుంది కదా.

పోయేటప్పుడు కొలవడం సులువే. పెట్టెలకు జాలీ బిగించి ఉంటుంది, ఈగలు నిద్రమత్తులో ఉంటాయి. దర్జాగా వంగి కొలిచాను. ఖాళీ కారుకు ముప్పై ఎనిమిది, ఎనిమిది పెట్టెలతో ముప్పై నాలుగు. అచ్చమైన కొలతలు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. చిక్కంతా వచ్చేటప్పుడే. తెల్లవారుజామున కారు గేటు ముందు ఆగేసరికి ఈగలు కోపం మీద ఉండేవి. జాలీకి బయట చిక్కుకుపోయినవి పదీ ఇరవై కారు చుట్టూ తిరిగేవి. నన్ను చూస్తే తేనెటీగలు దారి ఇస్తాయని నేను ఊరంతా చెప్పుకున్న మాట నిజమే. అసలు సంగతేంటంటే, ఒక్క ఈగ గుయ్యిమంటే దారి ఇచ్చేది నేనే.

మొదటి ట్రిప్పు వచ్చిన రోజు నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను, తలుపేసుకుని. అక్కడి నుంచి కారు వెనక చక్రం కనిపిస్తుంది.

"కొలిచావా?" అని అరిచింది అత్తయ్య ముసుగులోంచి, పెట్టె దించుతూ.

"ఆ, కొలిచా!"

కళ్ళతో కొలిచాను మరి. ముప్పై రెండు ఉండొచ్చనిపించింది. ముప్పై రెండని రాస్తే అనుమానమొస్తుందని 32.1 అని రాశాను. రెండో ట్రిప్పుకు 31.8. మూడోదానికి 32.3, ఎందుకంటే ఆ రోజు అత్తయ్య తేనె తక్కువొచ్చిందంది. ఎడమకు కుడికి రెండు మూడు గీతలు తేడా పెట్టాను. అయిదో ట్రిప్పుకు కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు, పక్క మీద పడుకునే రాశాను. చెప్పుకోకూడదు గానీ, చాలా అందంగా కుదిరింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

తీసుకెళ్ళి ఇచ్చాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. లేచి కిటికీ దగ్గరికెళ్ళి భార్యకు చూపించాడు.

"చూడవే. ముప్పయ్యేళ్ళలో ఇలాంటి కాగితం రాలేదు నాకు. దశాంశాలతో సహా రాశాడు. ఏం చదువుకున్నావు బాబూ?"

"పదో తరగతి... సగం."

"ఎవరండీ ఇలాంటివాణ్ణి బయటికి పోనిచ్చింది?" అని ఆయన గాల్లోకి అడిగాడు, నిజంగా కోపంగా.

అక్కడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మీరు నా చోట ఉండి చూడండి. నా చేతి రాత చూసి ఒక పెద్దమనిషి మెచ్చుకోవడం అదే మొదటిసారి. బడిలో నా పుస్తకాల మీద ఎర్ర సిరా తప్ప ఏమీ ఉండేది కాదు. "ఏదో బాబాయ్, వంగి చూశాను, రాశాను," అన్నాను. అంతకంటే పెద్ద అబద్ధం నా చరిత్రలోనే లేదు, లారీతో కలిపి.

ఆయన ఆ కాగితాన్ని అట్టకు అంటించి గోడకు తగిలించాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ, "రాస్తే ఇలా రాయాలి," అని చూపించేవాడు. దారిన పోతూ రెండుసార్లు విన్నాను. మూడోసారి నుంచి ఆ సందులోకి పోవడం మానేశాను.

ఆరు వారాలకు కారు తయారైంది. ఖాళీగా తిప్పితే మెత్తగా పోయింది. అత్తయ్య పెట్టెలు తీసుకెళ్ళినప్పుడూ బాగానే ఉంది. ఈగలు తిట్టడం మానేశాయని చెప్పింది. పూలు అయిపోయాక మొదటిసారి నిండు పెట్టెలతో తిరిగొస్తున్న పొద్దున, వాగు దాటాక వచ్చే మలుపులో కారు వెనక భాగం కిందికంటా కుంగి, ఒక పక్కకు ఊగింది. పై వరస పెట్టెలు జారాయి. రెండింటి జాలీలు ఊడాయి. కారంతా ఈగలు. అత్తయ్య ఎలాగో బ్రేకు వేసి, తలుపు తీసుకుని దూకింది. పక్కనున్న కాలవలో పడింది. ఎడమ మణికట్టు విరిగింది. మెడ మీద పద్నాలుగు కాట్లు. రెండు పెట్టెల ఈగలు ఎటో పోయాయి.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి, ఆవిడ మంచం మీద కూర్చుంది.

"నాదేరా తప్పు. పై వరసకి తాడు ఒక చుట్టు తక్కువ వేశా. తొందరపడ్డా."

"అదేం కాదు అత్తయ్యా..."

"నువ్వూరుకో. నీకేం తెలుసు."

నాకే తెలుసు. నీళ్ళ గ్లాసు ఆవిడ కుడిచేతికి అందించి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ కిటికీ ముందు నిలబడలేక పెరట్లోకి పోయాను. అక్కడ ఎవరో రైతులు తెచ్చి దించిపోయిన నిండు పెట్టెలు తేనె తీయకుండా ఉన్నాయి. ఒంటిచేత్తో తేనె తీయడం కుదరదు కదా. ఇల్లంతా తిరిగినా నాకు నిలబడే చోటు లేకుండా పోయింది.

మర్నాడు పెద్దాయన వచ్చాడు. ట్యూబు తొడుగులు కట్టుకుని కారు కింద దూరాడు. స్ప్రింగులు విప్పి షాపుకు తీసుకెళ్ళి, నొక్కి చూసి, మళ్ళీ తెచ్చి బిగించాడు. తన లెక్క ప్రకారం ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. ఆ మాటే అత్తయ్యకు చెప్పాడు, చేతులు కట్టుకుని నిలబడి.

"స్ప్రింగు బాగుంది. నువ్వు రాయించిన కొలతల్లో తప్పుండే వీలే లేదు. అంటే నా లెక్క తప్పిందమ్మా. ఎక్కడ తప్పిందో మూడుసార్లు చూసుకున్నా, దొరకడం లేదు. తప్పు కంటే దొరక్కపోవడమే నాకు భయంగా ఉంది."

"అన్నయ్యగారూ, ఆ మాటలొద్దు. తాడు నేనే సరిగ్గా కట్టలేదు," అంది అత్తయ్య.

తప్పు నాదంటే నాదని వాళ్ళిద్దరూ పంతాలకు పోతుంటే, దాని అసలు యజమాని గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, కొత్తగా కాపరానికొచ్చిన కోడలిలా తలదించుకుని.

నాలుగు రోజులు నీళ్ళు నమిలాను. అయిదో రోజు అత్తయ్య మాత్రల కోసం వెళ్ళి, కాళ్ళు అటే లాక్కెళ్తే ఆ సందులోకి పోయాను. షాపు ముందు అంబులెన్సు ఆగి ఉంది. డ్రైవరు పెద్దాయనతో వాదిస్తున్నాడు.

"నువ్వు కాదంటే ఎట్లా పెద్దాయనా? గతుకు గతుక్కీ వెనక పేషెంటు కేక పెడుతుంటే నేను నడపలేకపోతున్నా."

"నేను కొత్త పని పట్టడం లేదు బాబూ. నా లెక్క చెడింది. రోడ్డు మీద గాజు షాపుంది చూడు, అక్కడికెళ్ళు. కుర్రవాళ్ళు, చూపు బాగుంటుంది."

తలుపు కూడా తీసి చూడని ఆ షాపుకు, ఈయన, ఆ బండిని పంపుతున్నాడు.  ఆ బండి వెనక పడుకోబోయే మనుషులందరూ వరసగా లేచి నన్ను చూసినట్టనిపించింది.

"అన్నా, వెళ్ళకు. ఆగు," అని డ్రైవరు చెయ్యి పట్టుకున్నాను. తర్వాత పెద్దాయన ముందు నిలబడ్డాను. "బాబాయ్, నీ లెక్క చెడలేదు. ఆ కాగితం అబద్ధం. వచ్చేటప్పుడు కొలతలు నేను కొలవలేదు. ఈగలకి భయపడి వంటింటి కిటికీలోంచి చూసి రాశా. ఆఖరిది చూడకుండానే రాశా."

ఆయన నా వంక చూసి, నా భుజం తట్టాడు.

"మంచి మనసు బాబూ నీది. ముసలాడు బాధపడుతున్నాడని నీ మీద వేసుకుంటున్నావు."

"కాదు బాబాయ్, నిజంగానే..."

"నీ కథలు నాకూ చేరాయిలే. లారీ కథ విన్నా. కానీ ఇది మాత్రం నమ్మేలా లేదు. ఊహించి రాసేవాడు ముప్పై రెండు, ముప్పై రెండు అని రాస్తాడు. 31.8 అని రాయడు. ఆ తేడాలు కొలిచినవాడి చేతికే వస్తాయి."

బతుకంతా అబద్ధాలు చెబితే సగమైనా నమ్మారు. ఒక్క నిజం చెబితే ఎవరికీ ఎక్కడం లేదు. అంబులెన్సు డ్రైవరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. కుట్టుమిషను ఆగింది. కిటికీలో టైలరమ్మ మొహం కనిపించింది.

"నేను నమ్ముతున్నా," అంది.

"నీకేం తెలుసే?"

"నా కొలతల పుస్తకం చూడండి. ఎన్ని కొట్టివేతలు, ఎన్ని నూనె మరకలు. చక్రాల పక్కన కూర్చుని రాసిన కాగితం ఆ గోడ మీదున్న దానిలా పెళ్ళి శుభలేఖలా ఉంటుందా? ఆ రోజే చెబుదామనుకున్నా. మీరు అంత సంబరపడుతుంటే నోరు రాలేదు. నా తప్పూ ఉందిలెండి."

ఆ కాసేపట్లో తప్పు నాకొద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు, ఎవరికి వాళ్ళే పంచుకుంటున్నారు. నాకింక ఓపిక చచ్చింది.

"బాబాయ్, రేపు తెల్లారేసరికి ఒక కాటా తీసుకుని మా ఇంటికి రా. నిండు పెట్టెలు పెరట్లోనే ఉన్నాయి. తూచి చూసుకో."

మర్నాడు ఆయన స్కూటరు మీద కాటా కట్టుకుని వచ్చాడు. అత్తయ్య కట్టు చేత్తో అరుగు మీద కూర్చుంది. ఆయన ఎందుకొచ్చాడో ఆవిడకు ఇంకా తెలియదు. నేను మొదటిసారి ఆవిడ ముసుగు వేసుకున్నాను.

"ఏంట్రా ఇది? నువ్వు? పెట్టె ముట్టుకుంటావా? ఇవాళ సూర్యుడు లేచాడా లేదా చూడండన్నయ్యగారూ."

 మొదటి పెట్టె ఎత్తి కాటా దగ్గరికి నడిచాను. ఒక ఈగ చేతి తొడుగు సందులోంచి దూరి మణికట్టు మీద కుట్టింది. పెట్టె వదల్లేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, వదిలితే ఏమవుతుందో అంతకుముందు వారం చూశాను కాబట్టి చెప్తున్నాను.

పెద్దాయన వంగి చూశాడు. నలభై అయిదు కిలోలు. రెండోది నలభై ఆరు. మూడోది నలభై నాలుగు. నా కాగితం ప్రకారం ఒక్కోటి ముప్పై ఉండాలి. ఆయన సుద్దముక్కతో నేల మీదే లెక్క రాశాడు. ఎనిమిది పెట్టెలకు నూట ఇరవై కిలోల తేడా.

అరచేత్తో చెరిపి మళ్ళీ వేశాడు, అదే అంకె వచ్చింది. లేచేటప్పుడు అరుగు పట్టుకోవాల్సి వచ్చింది.

"నా లెక్క సరిగానే ఉంది," అన్నాడు, ఎవరికీ కాకుండా. ఆ మాటలో సంతోషం ఉంటుందేమోనని వెతికాను. లేదు.

"ఏ లెక్క? ఏంటి అన్నయ్యగారూ?" అంది అత్తయ్య.

ఆయన నా వంక చూశాడు. నేనే చెప్పాను, ముసుగు తీసి, కిటికీ చూపించి, అయిదు ట్రిప్పులూ, పక్క మీద రాసినదానితో సహా. అత్తయ్య గురించి మీకు తెలుసు కదా, మాటకు మాట విసిరే మనిషి. ఆ రోజు ఒక్క మాట అనలేదు. తన కట్టు చేతిని కుడిచేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళింది. సాయంత్రం దాకా నన్ను పలకరించలేదు. తిడితే బాగుండుననిపించింది. పొద్దుగూకాక గుమ్మంలోకొచ్చి, "ఆ పెట్టెలు నీడలో పెట్టు. తేనె నువ్వే తీస్తావు," అంది. అంతే. మొత్తం నేనే తీశాను, పదకొండు రోజులు పట్టింది. కాట్లు లెక్కపెట్టలేదు, లెక్కపెడితే మళ్ళీ ఎక్కడో చెప్పుకుంటానని.

పెద్దాయన కొత్త స్ప్రింగులు చుట్టించి బిగించాడు. కారు ఇప్పుడు నిండు బరువుతో ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడుతుంది. అంబులెన్సు పని కూడా ఆయనే పట్టాడు. డ్రైవరు ఎక్కడ కనిపించినా ఆయన్ని ఆకాశానికెత్తేస్తాడు. షాపు నడుస్తోంది. ఇక్కడితో ఆపేస్తే మంచి కథే, నాకూ పేరొస్తుంది. కానీ ఆపలేను.

ఆయన ఇప్పుడు ఎవరికీ కాగితం ఇవ్వడు. సొంతదారు కొలిస్తే కారేంటో తెలుస్తుందన్న మాట కూడా అనడు. ఎవరి కారైనా సరే, పొద్దున్నే స్కూటరు వేసుకుని వాళ్ళ ఇంటికి వెళ్తాడు. కారు పోయేటప్పుడు అయిదుసార్లు, బరువుతో తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అయిదుసార్లు. కంకర మీద, బురదలో, నాలుగు మూలలా మోకాళ్ళ మీద కూర్చుంటాడు. టైలరమ్మ రాత్రిళ్ళు వేడినీళ్ళ కాపడం పెడుతోందని అత్తయ్య చెప్పింది. నన్ను చూసినా ఆవిడ మిషను తొక్కడం ఆపదు.

నేను వెంట వెళ్తానని అడిగాను. మూడుసార్లు వద్దన్నాడు, నాలుగోసారి ఊరుకున్నాడు. పనికి కట్టుబడి వెళ్తున్నాను, వేళకు లేస్తున్నాను. ఇది అత్తయ్యే నమ్మడం లేదు. చక్రాల పక్కన నేనే కూర్చుంటాను, టేపు నేనే పెడతాను. "బాబాయ్, నువ్వు నిలబడు, అంకె నేను చెప్తా, నువ్వు రాసుకో," అంటాను. ఆయన సరేనంటాడు. ఎప్పుడూ కాదనలేదు, కసురుకోలేదు కూడా.

"ముప్పై మూడున్నర బాబాయ్," అంటాను.

"సరే బాబూ," అంటాడు.

తర్వాత కారు అంచు పట్టుకుని, ఒక మోకాలు, దాని తర్వాత రెండో మోకాలు వంచి, నా పక్కన కూర్చుని, టేపు మీద అంకె తనే ఒకసారి చూసుకుని, అప్పుడు రాస్తాడు.